మెంతుల కిరీటం

నేను మూడేళ్లు కూర్చుని రాసిన నాటకాన్ని నా భార్య భూదేవి రోట్లో వేసి రుబ్బింది. మెంతులు కూడా కలిపింది. ఆమె పోయి పదకొండేళ్లయింది కాబట్టి ఈ మాట అనకూడదని మా బంధువులు అంటారు. పోయినంత మాత్రాన రుబ్బింది రుబ్బకుండా పోదు.

అది 1968 ఎండాకాలం. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు కుట్టే పనిలో ఉన్నాను. తార్నాకలో రెండు గదుల ఇల్లు. నేను, భూదేవి, పదేళ్ల ప్రమీల, పాకే వయసు చిన్నది. మనుషులం ఇంతే. మిగతా ఇల్లంతా కాగితం.

పుస్తకం కుట్టాక మూడు వైపులా అంచులు కోస్తాం. ఆ కోసిన ముక్కలు, చెదలు కొట్టిన పాత రిజిస్టర్లు మూలన గుట్టగా పడి ఉండేవి. కావాలంటే తీసుకుపొమ్మన్నారు. మొదటి సంచి సైకిల్ మీద ఇంటికి తెచ్చింది నేనే. అంతవరకు తప్పు నాది. మా ఊళ్లో ఆడవాళ్లు ఎండాకాలం కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, ఆ ముద్దను బోర్లించిన కుండ మీద మెత్తి గంపలు చేస్తారు. ఎండాక కుండ లాగేస్తే గంప మిగులుతుంది. ఇంటికి ఒకటో రెండో చేసుకుని ఊరుకుంటారు. భూదేవి ఊరుకోలేదు. గంపల తర్వాత మూత బుట్టలు చేసింది. బుట్టల తర్వాత తల ఊపే ఎద్దు. ఎద్దు తర్వాత నెమలి. నెమలికి తోక పూర్తయ్యేసరికి మా మంచం మీద పడుకునే చోటు పోయింది.

వాకిట్లో గోలెం నిండా నానుతున్న కాగితం. గోడల వెంట గోనెసంచులు. కిటికీలో, పొయ్యి గట్టు మీద, చిన్నదాని ఉయ్యాల కింద బోర్లించిన కుండలు. అన్నంలో మెంతుల వాసన, చొక్కాలో మెంతుల వాసన.

"కాలు యాడ పెట్టాలెనే?" అని అడిగేవాణ్ణి.

"గంపకు గంపకు నడుమ పెట్టు. నెమలి తోక తొక్కకు, ఇంక ఆరలే."

"ఇది ఇల్లా, దుకాణమా?"

"దుకాణమైతే మంచిగుండు. పొద్దూకంగ తలుపేసుకొని ఇంటికి పోతుంటి."

ఆ గంపల నడుమే కూర్చుని నేను నాటకం రాశాను. మణికేతు మహారాజు కథ. శత్రువుల చేతిలో రాజ్యం పోగొట్టుకుని భార్యతో అడవి పాలవుతాడు. మా ఊరికి వచ్చే ఆటగాళ్లను చూసి చిన్నప్పుడే పట్టిన పిచ్చి అది. నా చదువు ఊరి బడిలో ఐదో తరగతి. మా పంతులు పైకి పలుకుతూ రాయమనేవాడు. నోరు మూసుకుని రాసినవాడి వేళ్ల మీద బెత్తం పడేది. అందుకని ఇప్పటికీ నోరు కదలకపోతే నా చేయి కదలదు. ఒక్క వాక్యం రాయాలంటే నాలుగుసార్లు పైకి అనాలి. మూడేళ్లు నేను అంటూ ఉన్నాను, ఆమె రుబ్బుతూ ఉంది.

"ఓ దైవమా! ఏల నన్నింత కఠినముగా శిక్షించితివి?" అని నేను అనగానే పొత్రం ఆగేది.

"మల్ల ఏడుస్తుండా రాజు?"

"ఏడ్వడు. శోకిస్తడు."

"పాపం. పొద్దుగాల సంది ఏం తిన్నట్టు లేడు."

పాత రిజిస్టర్లలో ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు ఏరి, వాటి మీదే రాసేవాణ్ణి. రాసినవి విడివిడిగా ఒక గోనెసంచిలో వేసి గోడకు ఆనించేవాణ్ణి. భూదేవికి అక్షరం రాదు. కానీ ఆ సంచి ఏదో ఆమెకు తెలుసు.

"లోకంల అందరి పుస్తకాలు కుడ్తవు. నీదెప్పుడు కుడ్తవు, ప్రమీల నాయినా?"

"అయిపోనియ్యి. తోలు అంచేసి కుడ్తా."

మూడేళ్లు ఇదే మాట చెప్పాను.

ఏప్రిల్ చివర సామేలు ఉరుకుతూ వచ్చాడు. అతను మా పక్కింటివాడు, యూనివర్సిటీలో తోటపని. చేతికి మట్టి అలాగే ఉంది.

"అన్నా, మన సంఘం జల్సాల ఈసారి నీ నాటకమే! వెంకటసుబ్బారావు సార్ ఒప్పుకున్నడు. జూన్ల, రెండో ఐతారం. రాజు నేనే."

వెంకటసుబ్బారావు మా ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి, ఆఫీసులో గుమాస్తా, గుంటూరువైపు మనిషి. ఆయన ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. ప్రతి ఏడూ జరిగే ఆ జల్సా వేడుకలో ఆఫీసువాళ్ల నాటకమే వేసేవారు. కుట్టేవాడు రాసింది, తోటమాలి ఆడేది ఎవరూ వేయలేదు. నేను చొక్కా వేసుకుని ఊరికే వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను.

వేషాల కోసం సామేలూ నేనూ కాచిగూడ వెళ్లాం. దుకాణంలో మూడు కిరీటాలు ఉన్నాయి. ఒక్కటీ సామేలు తలలోకి దిగలేదు. మూడోదాన్ని నేను పైనుంచి నొక్కాను. వెనక అతుకు టప్పుమని ఊడింది.

"తల చిన్నగ చేస్కొని రా భాయ్," అన్నాడు దుకాణంవాడు.

ఇంటికి వచ్చి చెబితే భూదేవి పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకుని సామేలు చుట్టూ ఒకసారి తిరిగింది.

"నేను చేస్త కిరీటం. ఏ కుండ సరిపోతదో చూడాలె."

అన్నం కుండ పెట్టి చూసింది. సరిపోలేదు. వెనకింటి రాములవ్వ మా రోలు వాడుకోవడానికి వచ్చి అక్కడే ఉంది.

"అంబలి కుండ పెట్టు బిడ్డా. గంతకన్న పెద్దది మన ఇండ్లల్ల లేదు," అంది.

అంబలి కుండ సామేలు చెవుల దాకా దిగింది.

"ఎట్లున్నది మరిదీ?"

"లోపట సల్లగున్నది వదినె," అన్నాడు కుండలోంచి.

ప్రమీల నేల మీద పడి దొర్లింది. రాములవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. అది దాచను.

మే నెల మధ్యలో నాటకం చివరి మాట రాశాను. మర్నాడే పని నుంచి వస్తూ దారం, దబ్బనం, నీలం గుడ్డ, అంచుకు తోలు ముక్క తెచ్చుకున్నాను. చెప్పిన మాట ప్రకారం కుట్టడానికి.

వాకిట్లో అంబలి కుండ బోర్లించి ఉంది. దాని మీద కిరీటం. ముందు మూడు శిఖరాలు, మధ్యలో తామర మొగ్గ, చుట్టూ ముత్యాల వరసలా చిన్న చిన్న ఉండలు. ఇంకా తడిగా ఎండలో మెరుస్తోంది. రంగు వేయడానికి పసుపు, ఎర్ర జాజు పక్కన సిద్ధంగా ఉన్నాయి. పగిలిన అద్దం ముక్కలు కూడా ఏరి పెట్టింది. అంత మంచి పని ఆమె చేతి నుంచి అంతకు ముందు రాలేదు. ఆ మాట అన్నాను కూడా.

"మంచిగ చేసినవే."

ఆమె ముఖం వెలిగిపోయింది. నేను లోపలికి వెళ్లాను.

"భూదేవీ, గీడ సంచి ఉండె."

"ఏ సంచి?"

"నా సంచి."

"నీది వెనక కట్టెల కొట్టంల ఉన్నది గదా. పొద్దుగాల చిన్నది పాక్కుంట పోయి నీ సంచి గుంజుతుంటే తీసి గాడ పెట్టిన."

కొట్టం దగ్గరికి వెళ్లాను. అక్కడ ఉన్న సంచిలో కోసిన అంచులు, చెదలు కొట్టిన రిజిస్టర్లు. రెండూ గోనెసంచులే, రెండిట్లో పాత రిజిస్టర్ కాగితాలే. నాది అనుకుని ఇంకొకటి తీసి పెట్టింది.

నేను బయటికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ గోలెంలో ముంచి ఉంది. తీయలేదు.

"పిండి తక్వ పడ్డది," అంది. "మొగ్గకు చాలలే."

నేను దారం, దబ్బనం గూట్లో పెట్టాను. ఆ పూట తినలేదు. మర్నాడూ మాట్లాడలేదు. రాములవ్వ వచ్చి ఓదార్చబోయింది.

"నీ నాటకం యాడికి పోలే కొడుకా. రాజు నెత్తి మీదనే ఉన్నది."



ఆదివారం వెంకటసుబ్బారావు స్వయంగా ఇంటికి వచ్చాడు. కూర్చోవడానికి చోటు వెతికి, కనబడిన పీటలాంటి దాని మీద కూర్చున్నాడు. అది పీట కాదు, నిన్ననే కుండ లాగేసి బోర్లించిన పచ్చి గంప. ఆయన మెల్లగా దిగిపోయాడు.

"ఇదేంటయ్యా, కూర్చుంటే కూలిపోయింది!"

"ఫరవాలె సార్, మల్ల మెత్తుత," అంది భూదేవి తలుపు వెనకనుంచి.

ఆయన పంచె దులుపుకున్నాడు. పంచెకు మెంతుల పిండి గుండ్రంగా అంటుకుంది.

"ఏమయ్యా రాజలింగూ, రాత ప్రతి ఏదీ? నువ్వు ఇంకా ఇవ్వలేదని మావాళ్లు వేరే నాటకం పట్టుకొచ్చి కూర్చున్నారు. ఈసారి మీకే ఇద్దామని నేనే పట్టుబట్టాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయకు."

లేదు సార్ అని చెప్పడానికి నోరు తెరిచాను.

"కుడ్తుండు సార్," అంది భూదేవి. "వచ్చే శనివారం ఇస్తడు."

ఆయన వెళ్లిపోగానే, రెండు రోజుల్లో మొదటిసారి ఆమెతో మాట్లాడాను.

"ఏం కుడ్తనే? నీ మెంతులు కుట్టాల్నా?"

"కలం తీస్కో."

"ఎందుకు?"

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని నిటారుగా నిలబడింది. మొదటి రంగం మొదలుపెట్టింది. నా మాటలు, నా గొంతు, నా విరుపు. 'కఠినముగా' దగ్గర నాకు దగ్గు వస్తుంది. అక్కడ దగ్గింది కూడా.

నేను కలం తీసుకున్నాను.

ఆరు రోజులు రాశాను. పొద్దున నల్లా దగ్గర ఆమె బిందెలు పెడుతుంటే పక్కన గంప బోర్లించుకుని కూర్చుని రాశాను. పని నుంచి వచ్చి, ఆమె కూర తరుగుతుంటే రాశాను. నల్లా దగ్గర ఆడవాళ్లు వంతు వచ్చినా బిందె పెట్టకుండా వినేవారు. మూడో రంగం దాకా ఒక్క మాట తప్పలేదు. నాలుగో రంగం అడవి. నేను రాసిన దాంట్లో రాణి ఒకటిన్నర పేజీ విలపిస్తుంది.

"ప్రాణనాథా!" అంది భూదేవి వంకాయ కోస్తూ. "రాజ్జెం పోయిందని ఏడుస్తున్నవ్. మంచిది, ఏడువు. ఏడ్చుకుంటనే రెండు కట్టెలు ఏర్కరా."

నేను కలం ఆపాను.

"నేనట్ల రాయలే."

"రాసినవ్."

"మారాణి కట్టెలు ఏర్కరమ్మంటదా?"

"అడివిల ఉన్నరు గదా. పొయ్యి ఎట్ల అంటుకుంటది మరి?"

"నేను రాసింది 'ప్రాణనాథా, విధి ఎంత వక్రించినది' అని."

"'ప్రాణనాథా' ఉన్నది గదా. అది అన్నంకనే కట్టెలు."

ప్రమీల చిన్నదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. టైము లేదు. రాశాను. ఆ తర్వాత రాజు తన కిరీటం కోసం గుడిసె అంతా వెతుకుతాడు.

"వెతుక్కోకు," అంది భూదేవి. "దాంట్ల పప్పు పోసి పెట్టిన."

"ఇదెప్పుడు రాసిన్నే నేను?"

"నువ్ గడ్డం గీసుకుంటుంటివి చూడు, ఆనాడు."

ఆమె మరిచిపోయి కల్పించిందో, మూడేళ్లు రుబ్బుతూ లోపల ఆమె నాటకం ఆమె ఆడుకుంటూ ఉందో నాకు తెలియదు. బతికినన్నాళ్లూ ఒకే మాట మీద నిలబడింది. నువ్వే రాసినవ్ అంది.

శుక్రవారం కుట్టాను. నీలం గుడ్డ, తోలు అంచు. శనివారం ఇచ్చాను.

సెలవులు కాబట్టి ఆర్ట్స్ కాలేజీ వెనక నీడలో రిహార్సల్ పెట్టుకున్నాం. రాణి వేషం హాస్టల్లో వంట చేసే సత్తయ్యది. మీసం మాత్రం తీయనన్నాడు. కొంగు ముక్కు దాకా లాక్కుంటా, చాలు అన్నాడు. మొదటి రోజు నాలుగో రంగం దగ్గర అతను చదవలేక కూర్చుండిపోయి నవ్వాడు. సామేలు నవ్వాడు. ఊళ్లకు పోకుండా హాస్టల్లో మిగిలిన పిల్లలు పది మంది చుట్టూ చేరి రోజూ అదే రంగం వేయమనేవారు.

"విషాద నాటకం అన్నావు కదయ్యా?" అన్నాడు వెంకటసుబ్బారావు కళ్లు తుడుచుకుంటూ.

"విషాదమే సార్," అన్నాను.

జూన్ తొమ్మిది సాయంత్రం. తార్నాకలో క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలో బల్లలు కలిపి వేదిక కట్టారు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి కూడా జనం వచ్చారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. భూదేవి చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో ఉంది. నేను తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందించడానికి నిలబడ్డాను. సామేలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, కిరీటం పెట్టుకుని వెళ్లాడు. అద్దం ముక్కలు దీపాలకు తళుక్కుమన్నాయి. జనం 'ఓ' అన్నారు.

మూడు రంగాలు బాగానే నడిచాయి. నాలుగో రంగం మొదలవగానే చినుకులు పడ్డాయి. మిరుగు కార్తె వచ్చి రెండు రోజులే అయింది. చినుకు ముదిరి తుంపర అయింది. ఒక్కరూ లేవలేదు. కొంగులు, తువ్వాళ్లు తల మీద వేసుకుని కూర్చున్నారు.

సత్తయ్య కొంగు ముక్కు దాకా లాక్కుని, "వెతుక్కోకు. దాంట్ల పప్పు పోసి పెట్టిన," అన్నాడు. జనం విరగబడ్డారు. ఆ నవ్వు తగ్గేసరికి సామేలు తన మాట మరిచిపోయాడు. నా వైపు చూశాడు. నేను పుస్తకం చూశాను. నీలి సిరా కారి పేజీ అంతా ఒకటే మరక. తిప్పాను. అవతలి పేజీ కూడా అంతే. సిరా నా మణికట్టు మీదుగా మోచేతికి దిగుతోంది.

సామేలు నిలబడ్డాడు. కిరీటం మెత్తబడి కనుబొమల మీదికి జారింది. మెంతుల వాసన నాదాకా వచ్చింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి గొంతు వినబడింది. భయం లేదు, సిగ్గు లేదు. నల్లా దగ్గర చెప్పినట్టే చెప్పింది.

"'మంచి పని చేసినవ్ రాణీ. నా నెత్తిల ఉన్నదానికన్న దాంట్ల పప్పే ఎక్వున్నది' అను మరిదీ!"

"మంచి పని చేసినవ్ రాణీ!" అన్నాడు సామేలు.

జనం ఒకే మాటకు రెండుసార్లు నవ్వారు. ఆ తర్వాత చివరిదాకా అలాగే నడిచింది. ఆమె అంటుంది, వీళ్లు ఆడతారు. ఆమె అన్నప్పుడు ఒకసారి, వీళ్లు అన్నప్పుడు ఒకసారి నవ్వు. ఒళ్లో చిన్నది చప్పట్లు కొడుతోంది. ఆఖరుకు కిరీటం సామేలు ముక్కు దాకా దిగింది. అతను తీయలేదు. లోపలినుంచే, "రాణీ, గీడ సల్లగున్నది. ఇగ నాకు రాజ్జెం వద్దు," అన్నాడు. ఆ మాట ఎవరూ రాయలేదు. మణికేతు మహారాజు కథ అక్కడే అయిపోయింది.

వెంకటసుబ్బారావు నా చేయి పట్టుకుని వేదిక మీదికి లాగాడు. మెడలో దండ వేశాడు.

"ఏమి రాశావయ్యా! అన్నిటికంటే ఆ రాణి మాటలు! నువ్వు చదివి వినిపిస్తే మీ ఆవిడకు నాటకం మొత్తం కంఠతా వచ్చేసిందన్నమాట. అంతేనా?"

జనం అంతా వింటున్నారు. భూదేవి కొంగు పిండుకుంటూ నా వైపే చూస్తోంది. నవ్వుతోంది.

"అవును సార్," అన్నాను.

వానలోనే ఇంటికి నడిచాం. తడిసిన కిరీటం ప్రమీల తల మీద ఉంది, మెడదాకా. దారి కనబడక నా చొక్కా పట్టుకుని నడిచింది. భూదేవి దారి పొడుగునా నవ్వుతూనే ఉంది. వేదిక మీద నేను అన్న మాట ఎత్తలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం ఒక మాట అంది.

"మెంతులు ఇంకింత పడాలె ఉండె. గట్టిగుండు."

మరుసటి ఏడు యూనివర్సిటీలో గొడవలు. జల్సా లేదు. ఆపై ఏడు మళ్లీ నన్నే అడిగారు. ఈసారి నోరు మూసుకుని రాయడానికి కూర్చున్నాను. ఆమె చెవిన పడకూడదని. రెండు పేజీలు వచ్చాయి. వాటిని నేనే తీసుకెళ్లి గోలెంలో వేశాను.

"రాసిన కాయితమేనా? ఒకపారి సదువు," అంది.

చదవలేదు.

నీలం గుడ్డ పుస్తకంలో మరకలే మిగిలాయి. సామేలుకు తన మాటలే ఆనాడు గుర్తులేవు, తర్వాత ఏం గుర్తుంటాయి. నాటకం మొత్తం ఆమె ఒక్కదాని దగ్గరే ఉంది. "మల్ల రాస్కో, నాకంత యాదికున్నది, చెప్త," అని చాలా ఏళ్లు అంది. గోలెంలో చేతులు పెట్టి అనేది, పొయ్యి ముందు అనేది, మంచాన పడ్డాక కూడా ఒకసారి అంది. తర్వాత రాస్త అనేవాణ్ణి.

ఆమె పోయింది. నా నాటకం రెండోసారి పోయింది.

కిరీటం వంకరగా ఎండిపోయి బీరువా మీద ఉంది. దాన్ని పారేయమని ఎవరైనా అంటే ఊరుకోను. వానాకాలంలో వాసన వస్తుంది. మొన్న ప్రమీల వచ్చినప్పుడు దాన్ని చూసి అడిగింది.

"నాయినా, నిజం చెప్పు. రాణి మాటలు నువ్వే రాసినవా?"

"మీ అమ్మ నా నాటకాన్ని రుబ్బింది," అన్నాను.

జరిగింది అదే. ఇంతవరకు రాశాను, ఇది చాలు. ఇక ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తవద్దు. ఎత్తినా నేను మాట్లాడను.